ఓడినట్టు నటించకండి

పిల్లల ఆటల పెట్టెల మీద ఈ మధ్య ఒక హామీ తరచూ కనిపిస్తోంది: ఈ ఆటలో అదృష్టానికి చోటు లేదు, అంతా తెలివే. ఈ వారం మళ్ళీ అదే మాట ఒక పెట్టె అట్ట మీద చదివి చిరాకుపడ్డాను. ఆటను ట్యూషన్ చేసే ప్రయత్నాల మీద ఈ కాలమ్‌కున్న గుర్రు పాత పాఠకులకు కొత్త కాదు కనుక దాన్ని మళ్ళీ తవ్వను. ఈసారి అభ్యంతరం వేరు. పాచిక, గవ్వ, పేకముక్క ఏదో బియ్యంలో రాళ్ళయినట్టు, వాటిని ఏరి పారేస్తే మిగిలేదంతా స్వచ్ఛమైన మేధ అయినట్టు ఆ అట్ట మాట్లాడుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల, పన్నెండేళ్ళ అన్న, అమ్మానాన్న, అమ్మమ్మ ఒకే చాప మీద కూర్చుని ఆడాల్సిన ఆటకు ఆ సలహా పనికిరాదు. అదృష్టం లేని ఆట ఆ చాప మీద రెండో రోజుకే ఆగిపోతుంది.

చదరంగాన్నే తీసుకుందాం. ఆట తెలిసిన నాన్న, నిన్న నేర్చుకున్న కూతురు. నాన్నకు రెండే దారులు. నిజంగా ఆడితే ప్రతిసారీ ఆయనే గెలుస్తాడు, పిల్ల బల్ల మడిచేస్తుంది. లేదంటే కావాలని ఏనుగును పోగొట్టుకుని ఓడినట్టు నటించాలి. నటన పిల్లలకు పెద్దలు అనుకునేకంటే ముందే పట్టుబడుతుంది. పట్టుబడ్డాక పాత గెలుపులన్నీ కూడా చప్పబడిపోతాయి. అంతకంటే పెద్ద నష్టం అటుపక్క జరుగుతుంది. నటించేవాడికి ఆట మీద మనసుండదు, చెయ్యి ఫోన్ వైపు పోతుంది. ఇంటి ఆటకు నేను పెట్టే మొదటి పరీక్ష అందుకే ఇది: పెద్దవాళ్ళు గెలవాలనే ఆడాలి, అయినా చిన్నవాళ్ళు తరచుగా గెలవాలి. ఈ రెండూ ఒకే ఆటలో కుదరాలంటే మధ్యలో పాచికో గవ్వో పేకో ఉండి తీరాలి. అది ఎవరి మొహమూ చూడదు కనుక, పెద్దలు చేయలేని న్యాయం అది చేస్తుంది.

కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ, అర్జున్ ఇరిగేసి వంటి వాళ్ళను ఇచ్చిన తెలుగునేల మీద చదరంగాన్ని చిన్నబుచ్చుతావా అని అడిగేవాళ్ళుంటారు. చిన్నబుచ్చడం లేదు. చదరంగం సమానుల ఆట. రేటింగులు, వయోవిభాగాలు ఉన్నదే సమానులను ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి. ఇల్లు పుట్టుకతోనే అసమానుల గుంపు. నాన్న తన మంత్రిని ముందే తీసి పక్కన పెట్టి ఆడవచ్చు కదా అంటే, ఆడవచ్చు. అది బాహాటంగా ఇచ్చిన వెసులుబాటు, నటన కాదు. ఇద్దరున్నప్పుడు ఆ పద్ధతి బాగానే నడుస్తుంది. నలుగురైదుగురు, నాలుగైదు రకాల వయసులు చేరినప్పుడు ఎవరికెంత వెసులుబాటు అన్న లెక్క తేల్చేసరికి అన్నం వేళవుతుంది.

అలాగని అదృష్టం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నమాటేనా? అయితే వైకుంఠపాళిని మించిన ఆట ఉండకూడదు. పందెం ఎంత పడితే అన్ని గడులు, నిచ్చెన దొరికితే పైకి, పాము దొరికితే కిందికి. నీ బదులు పక్కింటివాళ్ళు గవ్వలు వేసి నీ కాయను నడిపినా ఫలితంలో తేడా ఉండదు. ఆడినవాడు చేసిందేమీ లేదు కనుక గెలిచినవాడు చెప్పుకోడానికీ ఏమీ లేదు. అందుకే రెండో పరీక్ష కావాలి: అదృష్టం పడ్డాక పిల్ల తేల్చుకోవలసిందేదో మిగలాలి. పాచిక మాట్లాడటం అయ్యాక ఆడేవాడి వంతు రావాలి.

ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గే ఆట కొనడానికి బజారుకు వెళ్ళనక్కర్లేదు. అష్టాచెమ్మాకు కావలసింది సుద్దముక్కతో గీసిన ఇరవై అయిదు గడులు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. గవ్వలు లేకపోతే ఒక పక్క అరగదీసిన చింతపిక్కలు చాలు. గవ్వ వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమాన అవకాశం ఉందనుకుంటే నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడతాయి. అందులో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మా (నాలుగు) ఒక్కటి, అష్టా (ఎనిమిది) ఒక్కటి. లూడో పాచికలో ఆరు ముఖాలకూ ఒకే అవకాశం. ఇక్కడ అలా కాదు కనుక, ఎదుటివాడి కాయకు సరిగ్గా రెండు గడుల ముందు నిలబడటం అన్నిటికంటే ప్రమాదం. ఈ సంగతి పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పరు. నాలుగు కాయలు చచ్చాక వాళ్ళకే తెలుస్తుంది. పందెం పడ్డాక ప్రశ్నలు మిగిలే ఉంటాయి: ఏ కాయను జరపాలి, కట్టలో ఉన్నదాన్ని బయటికి తేవాలా, ఎదుటివాడి కాయను చంపాలా, పండుకు దగ్గరైనదాన్ని దాటించాలా. చంపనిదే లోపలి వరసకు వెళ్ళకూడదన్న నియమం పాటించే ఇళ్ళలో ఈ తర్జనభర్జన ఇంకా చిక్కబడుతుంది. ఇన్ని ప్రశ్నలున్నా అష్టా మీద అష్టా పడిన చిన్నదాన్ని తాతయ్య ఆపలేడు.

ఇక్కడ అసలు అభ్యంతరం ఎదురవుతుంది. పిల్లల చేతికి పాచికలూ పేకముక్కలూ ఇవ్వడమంటే జూదానికి ఓనమాలు దిద్దించడం కాదా? మహాభారతం విన్న ఇంట్లో ఈ భయం వృథా కాదు. అయితే ఆ కథను సభాపర్వం దగ్గర ఆపేసేవాళ్ళే ఎక్కువ. ఆ సభలో ధర్మరాజు చేసిన నిర్ణయమేమిటో చూడండి. పాచికలు శకునివి, నేర్పు శకునిది. ధర్మరాజుకు మిగిలిందల్లా ఏది ఒడ్డాలి, ఇంకా ఒడ్డాలా ఆపాలా అన్నదొక్కటే. ఆపడం ఆయనకు చేతకాలేదు. అంతా తిరిగి దక్కాక కూడా పిలవగానే అనుద్యూతానికి, అంటే రెండోసారి జూదానికి, వెళ్ళి కూర్చున్నాడు. ఆ తరవాత అరణ్యవాసంలో బృహదశ్వుడనే ఋషి ఆయనకు నలుడి కథ చెబుతాడు. పుష్కరుడికి రాజ్యం ఓడిపోయి, మారువేషంలో ఋతుపర్ణుడి రథం తోలుతున్న నలుడు దారిలో ఒక తానిచెట్టు కింద ఆగుతాడు. త్రిఫలల్లో ఒకటైన ఆ తానికాయలే పూర్వం పాచికలు. ఋతుపర్ణుడు ఆ చెట్టు ఆకులూ కాయలూ ఎన్నో చూపుతోనే చెబుతాడు, నలుడు లెక్కపెడితే సరిపోతాయి. నలుడు గుర్రాల మర్మమైన తన అశ్వహృదయం ఇచ్చి ఆయన దగ్గర పాచికల మర్మమైన అక్షహృదయం పుచ్చుకుంటాడు. కథ ముగించి బృహదశ్వుడు అదే అక్షహృదయాన్ని ధర్మరాజుకూ ఉపదేశిస్తాడు. అజ్ఞాతవాసంలో కంకుభట్టుగా విరాటుడి కొలువులో ధర్మరాజు బతికింది ఆ పాచికలతోనే. జూదంలో సర్వం పోగొట్టుకున్నవాడికి పాచికలు ముట్టవద్దని ఆ ఋషి చెప్పలేదు, లెక్క నేర్పాడు. ఆకుల్నీ కాయల్నీ లెక్కపెట్టగలవాడికి అదృష్టమన్నది దేవుడి కోపంగానో దయగానో కనిపించదు, పదహారింట ఒకటిగా కనిపిస్తుంది.

ఆట వేరు, జూదం వేరు అన్న తెలివి న్యాయస్థానాలకూ ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని మూడు ముక్కలాటతో ఒకే గాట కట్టడానికి ఒప్పుకోలేదు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి కనుక రమ్మీలో నేర్పు పాలే ఎక్కువ అంది. ఆ తేడాను ఇంట్లో ఇంకా కచ్చితంగా పాటించవచ్చు. పైసా ఒడ్డకూడదు, అంతే. ఫోన్‌లో ఆడే డబ్బు రమ్మీ ఎన్ని ఇళ్ళు ముంచిందో తెలియనివాళ్ళు లేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో దాన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఆ కొంపలు ముంచింది డబ్బు, పదమూడు ముక్కలు కావు. కాగితం మీద పాయింట్లు రాసుకునే రమ్మీకి ఆ పాపం అంటగట్టడం అన్యాయం. చిన్న చేతుల్లో పదమూడు ముక్కలు నిలవవు కనుక మొదట ఏడు పంచండి, ఒక సీక్వెన్సూ ఒక సెట్టూ చాలనండి. ‘గాడిద’ ఆట ఇంకా తేలికే కానీ, దానిలో అందరూ గెలిచి ఒక్కరే ఓడతారు. ఆ ఒక్కరు ఆరేళ్ళ పిల్లయితే ఆ పేరు ఆమెకు రాత్రంతా గుచ్చుకుంటుంది. 1971లో ఒహాయోకు చెందిన మెర్ల్ రాబిన్స్ అనే క్షురకుడు తయారుచేసిన ఊనో కూడా పేక ఆటే. మొదటి పరీక్షలో హాయిగా నెగ్గుతుంది, రెండోదానిలో అత్తెసరు మార్కులు.

ఒక్క ఆటే ఎంచుకోమంటే నేను పిగ్ అంటాను. ఒకే ఒక్క పాచిక, ఒక కాగితం, ఒక పెన్సిలు. నీ వంతులో ఎన్నిసార్లయినా వేయవచ్చు, పడిందల్లా కూడుతుంది. ఒకటి పడిందా, ఆ వంతులో కూడినదంతా పోయి పాచిక పక్కవాళ్ళ చేతికి పోతుంది. అంతకు ముందే ఆపేస్తే కూడినది నీ ఖాతాలో పడుతుంది. ముందు 100 చేరినవాళ్ళది గెలుపు. తేల్చుకోవలసింది ఒక్కటే: ఆపాలా, ఇంకోసారి వేయాలా. దాని వెనక చక్కని లెక్క ఉంది. మరోసారి వేస్తే ఆరింట అయిదు వంతులు సగటున నాలుగు పాయింట్లు కలుస్తాయి, ఆరింట ఒక వంతు మొత్తం పోతుంది. ఆ వంతులో 20 కూడిన చోట లాభం, నష్టం సరిసమానం. అక్కడ ఆపడం మంచి పద్ధతి. పన్నెండేళ్ళవాడు ఈ లెక్క తనంతట తాను కట్టగలడు. ఎనిమిదేళ్ళ పిల్ల లెక్క కట్టకుండా ధైర్యంగా వేస్తూ పోయి ఓ సాయంత్రం వాడిని ఓడించగలదు. ధర్మరాజుకు చేతకాని పని ఏదో ఈ ఆట సరిగ్గా దాన్నే పదేపదే అభ్యాసం చేయిస్తుంది. అయిదు పాచికలు, పదమూడు గళ్ళ పట్టికతో ఆడే యాట్జీ దీనికి పై తరగతి. దానిలో ఏవి ఉంచుకోవాలి, ఏవి మళ్ళీ వేయాలి, ఏ గడి వదులుకోవాలి అన్న మూడు ప్రశ్నలు ప్రతి వంతులోనూ ఉంటాయి.

అదృష్టం మీద ఆధారపడితే పిల్లలు కృషిని నమ్మరన్న వాదం ఒకటుంది. అనుభవం దానికి ఎదురుగా నిలుస్తుంది. పిగ్‌లో 22 దగ్గర బుద్ధిగా ఆపినవాడు ఓడిపోవచ్చు, 40 దాకా తెగించినవాడు గెలవవచ్చు. సరైన పని చేసినా ఫలితం తప్పవచ్చనీ, ఫలితం దక్కినంత మాత్రాన చేసిన పని సరైనది కాదనీ చదరంగం నేర్పలేదు. పరీక్షలూ పంటలూ ఉద్యోగాలూ ఉన్న లోకానికి ఈ జ్ఞానం తీసిపారేయదగ్గది కాదు.

చివరికి ఒక చిక్కు మిగిలింది. నా మొదటి పరీక్షలో వైకుంఠపాళి నూటికి నూరు మార్కులతో నెగ్గుతుంది. దానిలో నటించడానికి తావే లేదు. నాలుగేళ్ళ పిల్లకు తేల్చుకోవడాలు అక్కర్లేదు. వంతు కోసం ఆగడం, గడులు లెక్కపెట్టడం, పాము మింగితే ఏడవకుండా ఉండటం ఆ వయసుకు చాలినంత పని. మరి రెండో పరీక్షలో నేను దాన్ని తప్పించింది ఎవరి తరఫున? నిజం చెప్పాలంటే పెద్దల తరఫున. ఆ ఆటలో విసుగు పుట్టేది వాళ్ళకే, ఫోన్ తీసేదీ వాళ్ళే. కాబట్టి నాలుగేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో వైకుంఠపాళి ఆడండి, పిల్ల ‘నేనేం చేయాలి’ అని అడిగే రోజున మానేయండి. ఆ తరవాత ఆట ఎంచేటప్పుడు అట్ట మీద పిల్లల వయసు ఎంత వేశారో చూడటం అనవసరం. పిల్లలు పడుకున్నాక కూడా పెద్దలు ఇంకో ఆట వేసుకోవాలనిపించే ఆట ఏదో, ఆ ఇంటి పిల్లలకు కొనవలసింది అదే.