గొంతు తగ్గించమనే మోడెమ్

ఈ వారం మెట్టుగూడలో మా పక్కింటికి ఫైబర్ వచ్చింది. బిగించే కుర్రాడు తీగ కొసకి మీటరు తగిలించి, మైనస్ 19 చూసి తలూపాడు. "ఇంకాస్త పెంచలేవా బాబూ?" అన్నారు ఇంటాయన. "మరీ పెరిగినా ఇబ్బందేనండీ" అన్నాడు. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. ఇంటి ఫైబర్‌కి మామూలుగా వాడే జీపాన్ రకం పెట్టె మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలానికి కొలత) కన్నా తక్కువ వెలుతురుని పోల్చుకోలేదు, మైనస్ 8 దాటితే తట్టుకోలేదు.

పనిచేసే చేతికి తెలిసింది ముందు వినాలన్నది ఈ కాలమ్‌లో నా పాత పాటే.

ఫోను తీగల రోజుల్లోనూ ఇంతే. 1995 ఆగస్టు 15న ప్రభుత్వరంగ సంస్థ వీఎస్ఎన్ఎల్ దేశంలో ఇంటర్నెట్ తెరిచింది. ఆ తర్వాతి ఏళ్ళలో మా వీధిలో మోడెమ్ కూత వినపడని రాత్రి లేదు. వానలు పడితే చాలు, సెకనుకి 33.6 కిలోబిట్లని అట్టపెట్టె మీద రాసున్న మోడెమ్ 14.4కి దిగేది. "సిగ్నల్ తక్కువ" అనేవాళ్ళం అందరం. లైన్‌మన్ వచ్చి ఏమీ పెంచేవాడు కాదు. టెస్ట్ ఫోను చెవికి ఆనించి గరగర వినేవాడు. పచ్చగా చిలుం పట్టిన జాయింటు విప్పి, రాగి గీకి, కొత్తగా మెలేసేవాడు. లోపలి గదిలోని రెండో ఫోను పీకించేవాడు. మోడెమ్ మళ్ళీ పైకెక్కేది.

1948లో గణితవేత్త క్లాడ్ షానన్ లెక్కగట్టింది ఇదే: లైను ఎంత మోయగలదన్నది సంకేతం బలం ఒక్కదాన్నిబట్టి కాదు, రొదకన్నా అది ఎన్ని రెట్లు ఎక్కువన్నదాన్నిబట్టి. మోడెమ్ గట్టిగా అరిస్తే ఎక్స్ఛేంజీలో అంకెలుగా మారేచోట అలల తలలు తెగిపోతాయి. తన ప్రతిధ్వనే తిరిగొచ్చి అవతలినుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని ముంచేస్తుంది. అందుకే ఆ కాలపు వి.34 ప్రమాణం మోడెములు మొదట్లో కూతపెట్టుకుంటూ లైనుని కొలుచుకునేవి. కావాలంటే అవతలిదాన్ని గొంతు తగ్గించమని అడిగేవి కూడా. యంత్రాల మధ్య ఆ మర్యాద నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇంత చెప్పాక రాగితీగే మేలంటానని అనుకుంటారు. అనను. ఎక్స్ఛేంజీకి దూరంగా, తీగ చివర ఉన్న ఇంటికి ఏ లైన్‌మన్ నేర్పూ చాలలేదు. కిలోమీటరు కిలోమీటరుకీ సంకేతం సన్నగిల్లేది, పై స్థాయి ధ్వనులు మరీ ముందే పోయేవి. అద్దె అందరిదీ ఒకటే, వేగం మాత్రం దూరాన్నిబట్టి. జీపాన్ వెలుగు 20 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ఆ చివరింటి కోసమైనా రాగి పోవాల్సిందే.

ఫైబర్ పెట్టించుకునేవాళ్ళు ఆ రోజు మీటరు చూపిన అంకె అడిగి, పెట్టె వెనక రాయించుకోండి. కొన్నాళ్ళకి మైనస్ 19 కాస్తా మైనస్ 25 అయిందంటే, ఎక్కడో తీగ మరీ వంగి ఉండొచ్చు, లేదా కొస మురికిపట్టి ఉండొచ్చు. వచ్చినవాడికి ముందు ఆ అంకె చూపించండి.