జిన్నింగు మిల్లు దాటాక

హెచ్ అండ్ ఎం బట్టల కంపెనీ 2020 నాటికి తన పత్తంతా సేంద్రియమో, రీసైకిలో, మేలైన సాగుదో అని ప్రకటించింది. 2019తో పోల్చి 2030కల్లా కర్బనం 56 శాతం తగ్గిస్తానంటోంది. మంచిదే. కానీ ఆ లెక్కలోని ‘బెటర్ కాటన్’ని జిన్నింగు మిల్లు దాటాక మామూలు పత్తితో కలపొచ్చు. కలిశాక ఏ చొక్కాలో ఏ చేను ఉందో ఎవరు చెప్పాలి?

2013లో బతుకుకు చాలే జీతమనీ మాటిచ్చింది. అది ఫ్యాక్టరీ కార్మికులకు. గుంటూరు, ప్రకాశం చేలల్లో మా తండాల ఆడవాళ్లు కిలోల లెక్కన పత్తి తీస్తారు. డొప్పలు వేళ్లు చీరతాయి. మంచు ఆరలేదని తూకంలో తరుగు తీస్తారు. సంక్రాంతి దాటితే మిరపకోతకు పోతాం. ఎన్ని నీళ్లు మిగిలాయో రాసే నివేదికలో, కిలోకి ఎంత కూలి ఇచ్చారో రాయడానికి ఒక్క గడి చాలదా?