తెర మీద పుంగనూరు తెలుపు

"మా ఆవుకేమన్నా కామెర్లొచ్చినాయా అన్నా?" అన్నాడు పుంగనూరు నుంచి ఫొటో కోసం వచ్చినాయన. మదనపల్లెలో మా మిత్రుడి స్టూడియో అది. మూడడుగుల ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు మానిటర్ నిండా పసుపు పూసుకుని నిలబడి ఉంది. రాత్రి కళ్లకు హాయిగా ఉంటుందని పెట్టిన నైట్‌లైట్ తీయడం మరిచారు. తీస్తే ఇంకో వింత: తెర 'కూల్'లో ఉండటంతో ఆవు నీలిమందు ఎక్కువైన పంచెలా తేలింది.

మావాడు రంగులు సరిచేయడానికి కూర్చున్నాడు. కచేరీకి ముందు తంబురా శ్రుతి చేయడం వినడమంటే నాకు కచేరీ అంత ఇష్టం. ఇదీ అదే జాతి సుఖం.

ముందు గామా, అంటే నడిమి వెలుగుల సర్దుబాటు. పెద్ద వలయాల నడుమ చిన్న చుక్కలు. మీట జరిపేకొద్దీ చుక్క పల్చబడి, ఒకచోట చుట్టూ ఉన్న గీతల్లో పంచదారలా కరిగిపోయింది. ఇంకాస్త జరిపితే మళ్లీ తేలింది. వెనక్కి వచ్చాడు. తర్వాత బూడిదరంగు పట్టీలు. నా లెక్కన అసలు రసమంతా అక్కడే ఉంది. ఎరుపు ఒక్క గీటు ఎక్కువైతే కుంకుమ తాకిన విభూతి, పచ్చ ఎక్కువైతే నాచు పట్టిన బండ. ఎరుపు, పచ్చ, నీలం మూడూ సమంగా కలిసిన చోట మూడూ మాయమై వట్టి విభూతి మిగిలింది. ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యాన్ని కంటితో చూడాలంటే ఈ పట్టీలు చాలు.

తెలుపును 6500 కెల్విన్ దగ్గర నిలిపి ఆవును మళ్లీ తెరిచాడు. ఆ తెలుపు ఒక్క తెలుపు కాదు. వీపున మీగడ, మూపురం కింద బూడిద, వెనకనుంచి ఎండ తగిలిన చెవిలో లేత గులాబి. ఇంతసేపూ ఇవన్నీ ఆ ఫొటోలోనే ఉన్నాయి!

తర్వాత టమాటా మార్కెట్ ఫొటో. 'వివిడ్' మోడ్‌లో ట్రేలన్నీ కలిసి ఒకటే ఎర్రముద్ద. ఎరుపు 255కు తగిలాక పైన ఇంక మెట్టు లేదు. కాయ గుండ్రదనం చూపే వెలుగునీడలు అక్కడ చచ్చిపోతాయి. దుకాణాల్లో టీవీలు అమ్మడానికి పనికొచ్చే రంగు అది. మామూలు ఎస్ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణానికి మార్చగానే ఎరుపు తగ్గి కాయలు పెరిగాయి. పండు పండే, దోరకాయ దోరకాయే, తొడిమ చుట్టూ ఇంకా వదలని పచ్చదనంతో సహా.

ఈ ఎస్ఆర్‌జీబీని 1996లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి రూపొందించింది హ్యూలెట్ ప్యాకర్డ్. అదే సంస్థ 2002లో ఐ-కమ్యూనిటీ పేరుతో కుప్పం వచ్చి, పొదుపు సంఘాల ఆడవాళ్ల చేత డిజిటల్ కెమెరాలు పట్టించింది. అక్కడికక్కడే ప్రింటు తీసిచ్చేవాళ్లు. ఎదురుగా మనిషి, చేతిలో ఆ మనిషి బొమ్మ. ఒంటి ఛాయ తప్పితే తప్పించుకునే దారి లేదు.

తెర ఓడిపోయే చోటూ ఉంది. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి పట్టు నేస్తే, కొంగు కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. దానికి ఏ మీటా లేదు. అందుకే ఫోన్‌లో చూసి కొన్న చీర ఇంటికొచ్చాక ఇంకో రంగులో కనిపించిందని అలగకండి.

ఆవు యజమాని తెర దగ్గరికి వంగి, "ఇప్పుడు మాదే" అన్నాడు.

మీది విండోస్ కంప్యూటరైతే సెర్చ్‌లో 'డీసీసీడబ్ల్యూ' అని ఇంగ్లిష్ అక్షరాలు నాలుగు కొట్టండి. ఆ వలయాలూ పట్టీలూ వస్తాయి. తెరను అరగంట వెలగనిచ్చాక మొదలుపెట్టండి. నైట్‌లైట్ మాత్రం ముందే ఆపేయండి.