కూలిన విమానమునకు ఎన్ని మార్కులు?

పర్చూరు ప్రాంతములోని ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకు నేనొకసారి న్యాయనిర్ణేతగా వెళ్ళితిని. అచటికి థర్మోకోల్‌తో చేసి, రేడియోతో నడుపు విమాన నమూనాలు రెండు వచ్చినవి. ఒకటి బల్లమీద తళతళలాడుచుండెను. రెక్కలకు ఎరుపు, తెలుపు రంగులు. ప్రక్కన ప్రతి భాగమునకు పేరు వ్రాసిన పటము. రెండవది బల్లక్రింద గోనెసంచిలో ఉన్నది. దాని ఎడమరెక్క రెండుచోట్ల టేపుతో అతుకబడినది. ముక్కు వేరొక పెట్టెనుండి కోసిన ముక్క. “దీనిని బల్లమీద ఎందుకు పెట్టలేదు?” అని అడిగితిని. “కూలిపోయిందండీ మాస్టారూ. అతుకులు కనబడితే బాగుండదని పెట్టలేదు” అని ఆ పిల్లవాడు తలవంచుకొని చెప్పెను.

నేను మొదటిదానికి మొదటి బహుమతి ఇచ్చితిని. అది ఎన్నడైనను ఎగిరినదా అని అడుగలేదు. ఎగురలేదని తరువాత తెలిసినది. ఈ వ్యాసము ముందుగా ఆనాటి నా తీర్పుపై విమర్శ. అయితే అతుకుల విమానమును ఊరక పొగడి విడుచుటయు న్యాయము కాదు. దాని లోపములనుకూడ చూడవలెను.

ఈ విషయము చిన్నది కాదు. 2022 డిసెంబరు 29న అద్దంకి సమీపమున జాతీయ రహదారిపై కట్టిన అత్యవసర రన్‌వేను వాయుసేన పరీక్షించినది. సుఖోయ్ విమానములు దానిమీదుగా అతి తక్కువ ఎత్తున సాగినవి. అట్టి దృశ్యము చూచిన పిల్లవాడు “అంత బరువు గాలిలో ఎట్లు నిలిచినది?” అని అడుగును. ఆ ప్రశ్నకు మనము రంగుల పటము చూపి ఊరకుందుమా, లేక పరీక్షించు మార్గము చూపుదుమా?

పుస్తకములోని మాట, సంచిలోని మాట

ప్రదర్శన ముగిసిన పిమ్మట ఆ పిల్లవాడు నాకొక నోటుపుస్తకము చూపెను. విమానపు రెక్కల పొడవు ఒక మీటరు. వెడల్పు 20 సెంటీమీటర్లు. మొత్తము బరువు 600 గ్రాములు. రెక్కకు అడుగున వెదురుబద్ద అతికించినాడు. ఇది మంచి పని. థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్ళు గాలియే. అందుచే అది మిక్కిలి తేలిక. కాని వంగునప్పుడు లాగుడుకు ఓర్వలేదు. ఆ లాగుడును బద్ద భరించును. మామూలు జిగురులలోని ద్రావకములు థర్మోకోల్‌ను కరిగించునని ఒక రెక్క పోగొట్టుకొని తెలిసికొన్నట్లుకూడ వ్రాసినాడు. బల్లమీది విమానము ప్రక్కన ఇట్టి వాక్యము ఒక్కటియు లేదు.

తరువాతి పుటలలో కూలుటలు వరుసగా ఉన్నవి. తోక విరిగిన తరువాత జిగురు, టేపు కలిసి 20 గ్రాములు పడినవి. మరునాడు విమానమును చేతితో విసరగా ముక్కు పైకెత్తి, క్షణకాలము ఆగినట్లై, ఒక రెక్క వాలి బోర్లపడినది. కారణమని వ్రాసిన మాట “గాలి వలన”. ఇక్కడనే విద్యార్థి తప్పిపోయినాడు.

ఏమి జరిగినదో లెక్క వేయుదము. తోక, గురుత్వ కేంద్రమునకు 50 సెంటీమీటర్లు వెనుక ఉన్నది. 20 గ్రాములను 50తో హెచ్చింపగా 1000. దీనిని కొత్త బరువైన 620 గ్రాములతో భాగింపగా గురుత్వ కేంద్రము సుమారు 1.6 సెంటీమీటర్లు వెనుకకు జరిగినట్లు తేలును. మొదట అది రెక్క ముందంచునుండి 6 సెంటీమీటర్ల దూరమున ఉన్నదనుకొనినచో ఇప్పుడు 7.6 వద్దకు పోయినది. ఇట్టి సామాన్య నమూనాలలో అది రెక్క వెడల్పులో నాల్గవ వంతునకు, మూడవ వంతునకు మధ్య, అనగా 5 నుండి 6.6 సెంటీమీటర్లలోపల ఉండుట క్షేమము. అది వెనుకకు పోయినకొలది ముక్కు పైకి లేచు స్వభావము పెరుగును. ఒకసారి లేచినచో తనంతట దిగి సరిపడు గుణము తగ్గును. రెక్క గాలికి మరీ ఏటవాలుగా నిలిచినప్పుడు పైతలమునంటి పారవలసిన గాలి విడిపోవును. పైకెత్తు బలము పడిపోవును. దీనినే వైమానికులు స్టాల్ అందురు. ఉదయపు గాలి నిర్దోషి. దోషము 20 గ్రాముల జిగురుది.

మరమ్మతులోని భౌతికశాస్త్రము

కావడి మోయువానికి ఈ పాఠము తెలియును. ఒకవైపు బరువు పెరిగిన బద్దను భుజముమీద జరుపుకొనును. రెండవవైపు రాళ్ళు వేసికొనడు. మన విద్యార్థి రాళ్ళే వేసినాడు. కేంద్రమునకు 20 సెంటీమీటర్లు ముందున్న ముక్కులో 50 గ్రాముల మేకులు గ్రుచ్చినాడు. 50ని 20తో హెచ్చించినను 1000యే గనుక తూకము కుదిరినది, విమానము ఎగిరినది. “మేకులు పెట్టాను, బాగా ఎగిరింది” అని వ్రాసి తృప్తిపడినాడు. ఎందుకు ఎగిరినదో వ్రాయలేదు. తోకలోని 20 గ్రాములు మొత్తముమీద 70 గ్రాములైన సంగతి గమనింపలేదు. 150 గ్రాముల బ్యాటరీని సుమారు 7 సెంటీమీటర్లు ముందుకు జరిపియున్నచో ఒక్క గ్రామైనను పెరుగకయే ఆ పని నెరవేరెడిది.

ఇట్లు అతుకుమీద అతుకు పడి చివరకు విమానము 750 గ్రాములకు చేరినది. నాల్గవ వంతు బరువే కదా యనిపించును. 600 గ్రాముల విమానము ఈ రెక్కలతో గాలిలో నిలువవలెనన్న సెకనుకు ఇంచుమించు 7 మీటర్ల వేగము కావలెను. 750 గ్రాములైనప్పుడు అది 7.8 మీటర్లగును. నేలను తాకునప్పటి గతిశక్తి బరువుతోను, వేగవర్గముతోను పెరుగును గనుక 15 జౌళ్ళనుండి 23 జౌళ్ళకు ఎక్కును. బరువు నాల్గవ వంతు పెరిగిన దెబ్బ సగమునకు మించి పెరిగినది! బలముకొరకు వేసిన జిగురే తరువాతి కూలుటను బలపరచినది. పదవ తరగతి బాలుడు చేయదగిన లెక్క ఇది. పుస్తకములో రైలుబండికి చేయించు లెక్కను తన చేతి విమానమునకు ఎవరును చేయింపలేదు. ఈ లోపము పిల్లవానిది సగము. ఉపాధ్యాయులది, అడుగని న్యాయనిర్ణేతది మిగిలిన సగము.

పెద్దలు కూల్చిన విమానములు

1901లో రైట్ సోదరుల గ్లైడరు లెక్కకు తగిన పైకెత్తు బలమును ఈయలేదు. వారు గాలిని నిందింపలేదు. అంతవరకు ప్రామాణికములైన పట్టికలను అనుమానించి, గాలి సొరంగమును స్వయముగా కట్టి, రకరకముల చిన్న రెక్కలను పరీక్షించిరి. 1903 డిసెంబరు 14న విల్బర్ రైట్ మోటారు విమానముతో లేచి, ముక్కును అతిగా పైకెత్తి, మూడున్నర సెకనులలోనే ఇసుకపై దిగబడెను. తప్పు తన అంచనాలోనిదని నాడే ఇంటికి వ్రాసిన లేఖలో ఒప్పుకొనెను. విరిగిన భాగములను బాగుచేసికొని 17వ తేదీన మరల ప్రయత్నించిరి. ఆర్విల్ 12 సెకనులు, 120 అడుగులు ఎగిరెను. లోకము తలచుకొను మొదటి మోటారు విమానయానము అదియే. అనగా ఆనాడు ఎగిరినది కూడ అతుకుల విమానమే. నాడే నాల్గవ మారు విల్బర్ 59 సెకనులు, 852 అడుగులు సాగెను. పిదప నేలపై ఉండగా గాలి తాకిడికి బోర్లపడి అది మరల ఎగురకుండ పోయినది.

రేడియో నమూనాల చరిత్రయు ఇట్టి ఓర్పుతోనే మొదలైనది. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు ‘గఫ్’ అను పెద్ద నమూనాను 1937లో రేడియోతో నడిపిరి. అది నేడు స్మిత్‌సోనియన్ సంగ్రహాలయమున ఉన్నది. ఇప్పుడు ఆ పని చేయుటకు అరచేతిలో ఇమిడెడి రిసీవరు, అగ్గిపెట్టెకంటె చిన్న సర్వో మోటారు చాలును. పరికరము సులభమైనది, కారణము వెదకుట మాత్రము నాటివలెనే కష్టము.

మార్కులు దేనికి?

కూలుటయే గొప్ప అని ఎవరును భ్రమపడరాదు. తిరుగు పంకా వ్రేలును కోయగలదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ ఉబ్బి మండగలదు. దానిని అతికి వాడరాదు. విద్యుత్తు తీగల చెంతను, మిరపకాయలు ఆరబోసి కూలీలు పనిచేయు కళ్ళములమీదను ఎగురవేయుట నేరమువంటిది. బాపట్ల చేరువ సూర్యలంకలో వాయుసేన స్థావరమున్నది. కనుక 2021 డ్రోన్ నియమములను తెలిసికొని, తమ పొలము ఏ మండలములో ఉన్నదో డిజిటల్ స్కై పటములో చూచుకొని, పెద్దల సమక్షముననే ఎగురవేయవలెను. విమానము ఎదురుగా వచ్చునప్పుడు కుడి ఎడమలు తారుమారగునని ముందుగా తెలియనివాడు ఎంత మంచి విమానమునైనను కూల్చును. ఇట్లు జాగ్రత్త లేక కూల్చినదానికి మార్కులు లేవు.

మార్కులు కారణమునకు. ఇకమీదట ఇట్టి నమూనాను చూచునప్పుడు న్యాయనిర్ణేత మూడు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. ఇప్పుడు దీని బరువెంత, మొదట ఎంత? గురుత్వ కేంద్రము ఎక్కడ ఉన్నది, వ్రేలిమీద నిలిపి చూపుము. చివరిసారి ఏది విరిగినది, ఎందుకు? ఈ మూడింటికి జవాబు చెప్పగలవాని విమానము ఎన్ని అతుకులతో ఉన్నను బల్లమీదనే ఉండవలెను. దానిప్రక్కన నోటుపుస్తకమును తెరచియుంచవలెను. తప్పు దాచినవానికి బహుమతి, చెప్పినవానికి గోనెసంచి అయినచో పిల్లలు మననుండి నేర్చునది విజ్ఞానము కాదు.

రంగులు వేసిన విద్యార్థి బహుమతిని వెనుకకు ఇమ్మని నేననుట లేదు. అతడును శ్రమపడినాడు, అడిగినది ఇచ్చినాడు. మనము అడిగినదే తక్కువ. అతుకుల విమానపు యజమానికి మాత్రము నేనొక లెక్క బాకీయున్నాను. పై పేరాలలోని 20 గ్రాముల లెక్కను ఒక కాగితముపై వ్రాసి ఆ పిల్లవానికి పంపితిని. మేకులు తీసివేసి బ్యాటరీని ముందుకు జరిపినట్లును, విమానము 700 గ్రాములకు దిగినట్లును అతడు జవాబు వ్రాసెను. తరువాతి వాక్యము: “నిన్న మళ్ళీ కూలింది మాస్టారూ, ఈసారి గాలి కాదు, నా తప్పే.”