పక్కన ఎవరుంటారు?

లిఫ్టులో ఒకావిడ ఫోన్లో పంతులుగారిని బతిమాలుతోంది. "గురువారం పొద్దున తొమ్మిదిలోపు ఏదైనా చూడండి, డాక్టరమ్మ మధ్యాహ్నం ఉండదట." గృహప్రవేశమేమో అనుకున్నాను. కాదు, కోడలి కాన్పుకి.

ముహూర్తం ఆపరేషన్ల మాటెత్తితే నేనెలా లేస్తానో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతలే. ప్రైవేటులో అయితే 81. దేశమంతా కలిపితే 21. ఈ లెక్కలు ఇక్కడ ఎన్నిసార్లు రాశానో ఎడిటరుగారు కూడా లెక్కపెట్టడం మానేశారు.

ఆ సాయంత్రం కోడలే మా ఇంటికొచ్చింది. "నార్మల్ అంటే అసలేమవుతుంది ఆంటీ?" ఎమ్మెస్సీ చదివిన పిల్ల, తొమ్మిదో నెల. బిడ్డ ఏ వారానికి ఏ కాయంత ఉంటుందో ఫోన్ చెప్పింది గానీ, ఆ రోజు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదట.

చెప్పాను. ముందు దొంగనొప్పులొస్తాయి, కాస్త నడిస్తేనో, పక్కకి తిరిగి పడుకుంటేనో సర్దుకుంటాయి. అసలు నొప్పులు సర్దుకోవు. నడుములోంచి పొట్టలోకి పాకుతాయి, రానురాను దగ్గరపడతాయి. గర్భసంచి ముఖం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. గంటకో సెంటీమీటరన్న పాత లెక్క పట్టుకుని తల్లిని తొందరపెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఐదు దాటేదాకా ఇంతసేపని చెప్పలేం. దాటాక తొలికాన్పుకి 12 గంటల వరకూ మామూలే. ఆపైన ముక్కడం, అది మూడు గంటల్లోపు. బిడ్డ తర్వాత మాయ. ఉమ్మనీరు పోయినా, రక్తం పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా ఇక ఇంట్లో కూర్చోకూడదు.

చెబుతుంటే మా నాయనమ్మ ఊరి మంత్రసాని గుర్తొచ్చింది. ఆవిడ పనితనమంతా కూర్చోవడంలోనే ఉండేది. నొప్పులు పడే మనిషిని వసారాలో నడిపించేది, నడుముకి ఆముదం రాసేది, దూలానికి కట్టిన తాడు పట్టుకుని వంగోమనేది. మధ్యలో ఊరి కబుర్లు. తెల్లారినా లేచేది కాదు. అలాగని ఆ రోజులే మేలనే పాట నేను పాడను. ఆవిడ చేతుల్లోనే మా పెద్దత్త పోయింది. బిడ్డ క్షేమంగానే పుట్టాడు, రక్తం ఆగలేదు. ఇప్పుడు బిడ్డ బయటపడగానే తల్లి తొడకి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ అప్పుడుంటే బతికేదేమో.

"అందుకని ఆసుపత్రికే వెళ్లు, నార్మలే అడుగు" అని ముగించబోయాను.

"మా అక్కదీ నార్మలే ఆంటీ. రాత్రంతా లేబర్ రూములో ఒక్కతే. అరిస్తే కసిరారు, మంచం దిగనివ్వలేదు. నాకు నొప్పంటే భయం లేదు, ఆ గదంటేనే. ఆపరేషనైతే ఆ టైముకి అందరూ ఉంటారు కదా?"

పంతులుగారి మీద కోపం అక్కడే దిగిపోయింది. ముహూర్తం పెట్టించుకునేవాళ్లు ఒక్క గ్రహబలమే కొనుక్కోవడం లేదు. డాక్టరు, మత్తుడాక్టరు, నర్సు తప్పకుండా పక్కనుండే ఒక గంటని కొనుక్కుంటున్నారు. నార్మల్ కాన్పుకి ఆ హామీ ఎవరిస్తున్నారు? నొప్పుల వేళంతా ఒక మనిషి వదలకుండా తోడుంటే కోతలు తగ్గుతాయని, కాన్పు త్వరగా అవుతుందని పరిశోధనల్లో తేలిన సంగతే. సర్కారు ఆసుపత్రుల్లో తోడుకి ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లో చెప్పింది. తెలంగాణలో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణా మొదలైంది. ఆ తోడు ప్రతి లేబర్ రూముకీ చేరేదాకా, ఆపరేషన్ అడిగిన పిల్లని పిరికిదని నేననను.

నెలలు నిండుతున్నవాళ్లు ప్యాకేజీ ధరకంటే ముందు ఇవి అడగండి. రాత్రి రెండింటికి నొప్పులొస్తే నా పక్కన ఎవరుంటారు? లేచి తిరగనిస్తారా, మంచినీళ్లు తాగనిస్తారా? తోడెవరో నేనే చెప్పొచ్చా? ఆ తోడు అత్తగారు కాకపోతే, ఆవిడని నొప్పించకుండా ఎలా చెప్పాలన్నదానికి మాత్రం ఇంకో కాలమ్ కావాలి.