ముందు రాయి, తర్వాత అడవి

మంచిర్యాల వైపు ఒక్కరోజు తిరిగి పోదామని వచ్చేవాళ్లకు దారి ఇప్పుడు బాగా అలవాటైంది. తెల్లారేసరికి జన్నారం, కవ్వాల్ అడవిలో సఫారీ, మధ్యాహ్నం భోజనం, పొద్దువాలే వేళకు చెన్నూరు గోదావరి. హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలనూ వాళ్ల పిల్లలనూ ఈ దారిన తిప్పే పని మా ఇంట్లో నాదే. అడవికీ నదికీ నడుమ మా శ్రీరాంపూర్ వస్తుంది. ఇక్కడ బండి ఎవరూ ఆపరు. నన్నడిగితే ఈ ప్రయాణం మొదలవ్వాల్సిందే ఇక్కడ.

మా వాడకట్టులో ఆర్‌కే-7 బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన కాక ఒకాయన ఉన్నాడు. బొగ్గు పొర మీద కప్పులా పరుచుకుని ఉండే రాతిలోంచి ఊడిన పెళ్ల ఒకటి ఆయన దాచుకున్నాడు. బూడిద రంగు, వేలెడు మందం. నేరుగా చూస్తే ఏమీ ఉండదు. ఎండకు ఏటవాలుగా పట్టి మెల్లగా తిప్పితే నాలుక ఆకారంలో ఒక ఆకు పైకి తేలుతుంది. నడుమ ఒక ఈనె, దాన్నుంచి అంచుల దాకా వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు. కాక దాన్ని పిల్లల చేతిలో పెట్టి ఊరుకుంటాడు. వాళ్లంతట వాళ్లు ఆకును కనిపెట్టేదాకా నోరు విప్పడు. ఆ తర్వాతే, "గిది ఆకే బిడ్డా. మేం కప్పు మీద కట్టెతోని కొట్టి సప్పుడు ఇనెటోళ్లం. ఇన్నేండ్లు గీ ఆకుల కిందనే పని జేసినం" అంటాడు. గట్టి కప్పు మోత వేరు, డొల్ల కప్పు మోత వేరు. ఆ తేడా చెవికి తెలియడం మీదే గనిలో ప్రాణం నిలిచేది. గైడ్ పని ఎలా చేయాలో నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఆ ఆకు గ్లోసోప్టెరిస్ అనే చెట్టుది. పాతిక కోట్ల ఏళ్లకు ముందు, మన దేశమూ ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే నేలగా ఉన్నప్పుడు పెరిగిన అడవి అది. దక్షిణ ధ్రువం నుంచి వెనక్కి వస్తూ 1912లో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం ఆఖరిదాకా లాక్కొచ్చిన రాళ్లలో కూడా ఇదే చెట్టు ఆకులు దొరికాయి. మా దగ్గర నేల కుంగుతూ పోయి పొడవాటి లోయ ఏర్పడింది. ఆ లోయ బురదలో ఆకూ కట్టే పొరమీద పొరగా పూడిపోయి బొగ్గయ్యాయి. మంచిర్యాల దాటాక గోదావరి చాలా దూరం ఆ లోయ వెంటే పారుతుంది. అడవీ బొగ్గూ నదీ ఒకే కథ. పిల్లలకు నేను చెప్పాలనుకునేది ఇంతే. మొదటే చెప్పేస్తే మాత్రం వినరు.

అందుకే రాయి చూపించి, మాట్లాడకుండా జన్నారం తీసుకెళ్తాను. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. తడోబా అడవి వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి ఇటు వస్తుంటాయి. "పులి కనిపిస్తదా?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. కనిపిస్తుందని ఆశ పెట్టే గైడ్ నాకు నచ్చడు. పోయిన వేసవి మొదట్లో మా జీపులో వచ్చిన గూడెం యువకుడు ఆ ప్రశ్నకు నవ్వి, ఇంజన్ ఆపించాడు. దుప్పి అరుపు వినమన్నాడు. పుట్ట తవ్వి చెదలు తిన్న ఎలుగుబంటి గోళ్ల గీతలు చూపించాడు. టేకు ఆకు రాల్చిన కాలం కాబట్టి చూపు చాలా దూరం పోతోంది, నేలంతా ఎండుటాకులు. మా మేనకోడలు వంగి ఒక ఆకు తీసింది. పురుగు పచ్చదనమంతా తినేసి ఈనెలు మాత్రం మిగిల్చిన ఆకు. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూసి, "మామా, కాక రాయి!" అంది. గ్లోసోప్టెరిస్ కూడా టేకులాగే ఏటా ఆకు రాల్చేదని శిలాజాలు చదివినవాళ్లు చెప్పే మాట అప్పుడు చెప్పాను. జీపులో అందరూ విన్నారు. పొద్దున చేతిలో ఆ రాయి పెట్టకపోతే ఆ ఎండుటాకును ఎవరు తీస్తారు?

మధ్యాహ్నం ఇంట్లో తిని ఇందారం మీదుగా చెన్నూరు బయల్దేరాం. దారిలో జైపూర్ దగ్గర 1200 మెగావాట్ల సింగరేణి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడ మండేది పొద్దున చూసిన ఆకేనని చెప్పాలి. చెప్పకుండా దాటితే గైడ్ అన్న మాటకు అర్థం లేదు.

చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరుగుతుంది. ఉత్తరవాహినిలో స్నానం పుణ్యమని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అగస్త్యేశ్వరాలయంలో అఖండ దీపం నాలుగు వందల ఏళ్లకు పైగా వెలుగుతోందని అంటారు. ఆ సంగతులు గుడిలోని పంతులు నాకన్నా బాగా చెప్తారు, అందుకే నేను పక్కకు తప్పుకుంటాను. నది ఒడ్డున కూడా అంతే. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒకతన్ని అడగమని పిల్లలకు చెప్పాను. గోదావరి మీద బ్యారేజీలు కట్టిన కొత్తలో వెనుక నీళ్లు పత్తి చేలల్లోకి ఎందాక వచ్చాయో అతను చెయ్యి చాపి చూపించాడు.

"చేను మునిగితే మీరేం చేశారు?" అని మేనకోడలు అడిగింది.

"మల్లా ఏసినం. గదీ మునిగింది. గా యేడు శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్ట్‌ల కాంట్రాక్టు పనికి పోయిన."