సుప్తమా, గుప్తమా? హెర్పిస్ వైరస్‌ల గురించి మనం రాసే ఒక వాక్యం

వైరస్‌ల నిర్మాణం, లయన చక్రం గురించి మీరు ఇంతకు ముందు భాగాల్లో చదివారు. ఈ భాగంలో ఆ విజ్ఞానాన్ని తెలుగులో చెబుతున్న తీరును విమర్శనాత్మకంగా పరిశీలిద్దాం. ఆరోగ్య శీర్షికల్లో, పరీక్షల గైడుల్లో, ఒక్కోసారి మాలాంటి వాళ్లం రాసే పాఠాల్లో కూడా ఒక వాక్యం దాదాపు ఇదే రూపంలో కనిపిస్తుంది: హెర్పిస్ వైరస్‌లు శరీరంలో నిద్రపోతూ ఉంటాయి, రోగనిరోధక శక్తి తగ్గగానే మేల్కొంటాయి. చదవడానికి తేలికగా ఉంది. గుర్తుండిపోతుంది కూడా. నా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది.

వరంగల్‌లో ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతి ముగిశాక, కాశిబుగ్గ నుంచి వచ్చే ఒక విద్యార్థిని రక్త పరీక్ష కాగితం పట్టుకొని ఆగింది. ఆమెకు ఐదో నెల. "సార్, సైటోమెగాలో వైరస్ పాజిటివ్ అని వచ్చింది. అది నా ఒంట్ల పండుకొని ఉన్నదట. ఎప్పుడు లేస్తది సార్?" అని అడిగింది. కాగితంలో ఉన్నది ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్. అంటే గతంలో ఎప్పుడో ఆ వైరస్ ఆమెకు సోకింది, ఆమె శరీరం ప్రతిరక్షకాలను తయారు చేసుకుంది. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికులకు పరీక్ష చేస్తే వచ్చే ఫలితం ఇదే. ఇది జబ్బు ఉందని చెప్పే ఫలితం కాదమ్మా అని వివరించి, మిగతా సంగతి చూస్తున్న డాక్టరుగారితో మాట్లాడమన్నాను. అయితే "పండుకొని" అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ భయాన్ని ఆమెకు ఇచ్చింది మన వాక్యమే.

ఇప్పుడు పదం దగ్గరికి వద్దాం. కాశిబుగ్గ దాటి ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్లేటప్పుడు బస్తాల్లో గింజలు చూస్తూనే ఉంటారు. ఎండిన గింజలో జీవక్రియ దాదాపు ఆగిపోయి ఉంటుంది. నీరు, వెచ్చదనం, గాలి దొరికేదాకా అది ఎదురుచూస్తుంది. వృక్షశాస్త్రంలో సుప్తావస్థ అన్న మాట మీకు తెలిసిందే. నిద్ర అన్న పోలిక అక్కడ కొంతవరకు నప్పుతుంది. కానీ హెర్పిస్ వైరస్‌ల విషయంలో శాస్త్రజ్ఞులు వాడిన ఆంగ్ల పదం 'లేటెంట్'. దానికి అర్థం నిద్రపోయినది అని కాదు, కనబడనిది అని. ఆ పదాన్ని తెలుగు భౌతికశాస్త్రం ఎప్పుడో సరిగ్గా పట్టుకుంది. హైస్కూల్లో చదివిన గుప్తోష్ణం గుర్తు చేసుకోండి. మంచు కరుగుతున్నంతసేపు వేడి లోపలికి పోతూనే ఉంటుంది, థర్మామీటరు మాత్రం కదలదు. ఆ వేడి నిద్రపోలేదు, పని చేస్తోంది. జీవశాస్త్రంలోకి వచ్చేసరికి అదే 'లేటెంట్'ను మనం సుప్తం చేసేశాం. ఒక్క అక్షరం తేడాతో పాఠమంతా పక్కదారి పట్టింది.

ఎలాగో ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో చూద్దాం. 1964లో బర్కిట్ లింఫోమా అనే గడ్డ నుంచి పెంచిన కణాల్లో దీన్ని మొదట చూశారు. ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఇది ఉంటుంది. లాలాజలం ద్వారా వచ్చి, గొంతులోని టాన్సిల్స్ దగ్గర ఉండే బి-కణాల పైనున్న సీడీ21 అనే గ్రాహకాన్ని పట్టుకొని లోపలికి పోతుంది. కేంద్రకంలోకి చేరాక, పొడవుగా ఉన్న దాని డీఎన్ఏ రెండు కొసలూ కలిసి వలయంగా మారుతుంది. సుమారు 1,72,000 క్షార జతల ఆ వలయం సాధారణంగా మన క్రోమోజోముల్లో కలిసిపోకుండా విడిగానే ఉంటుంది.

తరువాత జరిగేది గమనించండి. బి-కణం మామూలుగా ప్రతిజనకాన్ని కలిసినప్పుడు, దానికి టి-కణం సాయం అందినప్పుడు, బతుకు, విభజన చెందు అనే సంకేతాలు పుడతాయి. ఈ వైరస్ తయారు చేసే ఎల్ఎంపీ-1, ఎల్ఎంపీ-2ఏ అనే ప్రొటీన్లు ఆ రెండు సంకేతాలనూ అనుకరిస్తాయి. ఏ ప్రతిజనకమూ రాకపోయినా కణం వచ్చిందనే అనుకుంటుంది. అలా అది దీర్ఘకాలం బతికే స్మృతి కణంగా మారే దారిలో నడుస్తుందని పరిశోధకులు ఎక్కువగా అంగీకరించే నమూనా చెబుతుంది. స్మృతి కణంలోకి చేరాక వైరస్ తన ప్రొటీన్ల తయారీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. గుర్తుపట్టడానికి ప్రొటీన్ లేకపోతే టి-కణాలు ఆ కణాన్ని ఎలా చంపుతాయి? మన శరీరం పాత జబ్బులను గుర్తుంచుకోవడానికి దాచుకున్న కణంలోనే వైరస్ కాపురం పెట్టింది.

స్మృతి కణం విభజన చెందాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈబీఎన్ఏ-1 అనే ప్రొటీన్ కనిపిస్తుంది. అది వైరస్ వలయాన్ని మన క్రోమోజోముకు అంటిపెడుతుంది, కణం సొంత యంత్రాంగంతోనే ఒక నకలు తీయిస్తుంది. పిల్ల కణాలకు వాటా అందుతుంది. ఆ ప్రొటీన్‌లో గ్లైసీన్, అలనీన్ పదేపదే వచ్చే భాగం ఒకటి ఉంది. దానివల్ల ఆ ప్రొటీన్ ముక్కలు టి-కణాల కంటపడటం బాగా తగ్గుతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో పది లక్షల బి-కణాల్లో ఒకటి నుంచి యాభై దాకా మాత్రమే ఈ వైరస్‌ను మోస్తుంటాయి. ఇంత లెక్కగా, ఇంత పొదుపుగా సాగే ఏర్పాటును నిద్ర అనగలమా?

వాక్యం రెండో సగంలోనూ పొరపాటు ఉంది. రోగనిరోధక శక్తి తగ్గడం వల్లే వైరస్ లేస్తుందని అది చెబుతోంది. స్మృతి కణం ప్రతిరక్షకాలు తయారు చేసే ప్లాస్మా కణంగా మారినప్పుడు ఎప్‌స్టీన్-బార్ వైరస్ లయన చక్రం మొదలవుతుంది. అంటే రోగనిరోధక వ్యవస్థ చురుగ్గా స్పందించినప్పుడు కూడా అది బయటికి రావచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లాలాజలంలో కూడా ఈ వైరస్ తరచుగా కనిపిస్తుంది. టి-కణాలు దాన్ని ఎప్పటికప్పుడు అదుపు చేస్తుంటాయి. శక్తి తగ్గినప్పుడు కొరవడేది ముఖ్యంగా ఆ అదుపు. ఈ తేడా తెలియనివాళ్లకు 'ఇమ్యూనిటీ' పొడులు అమ్మడం చాలా సులువు.

సైటోమెగాలో వైరస్ కథ వేరే కణాల్లో నడుస్తుంది. అది ఎముక మజ్జలోని మూల కణాల్లో, వాటి నుంచి వచ్చే మోనోసైట్లలో ఉంటుంది. దాని మొదటి జన్యువుల మీట చుట్టూ హిస్టోన్లు బిగుసుకొని ఉంటాయి. మోనోసైట్ మాక్రోఫేజ్‌గానో డెండ్రైటిక్ కణంగానో మారేటప్పుడు ఆ పట్టు సడలవచ్చు. జబ్బు లేని దాత నుంచి వచ్చిన మూత్రపిండం ద్వారా, ఎప్పుడూ ఆ వైరస్ సోకని గ్రహీతకు ప్రమాదం రావడం ఇందుకే. అలాంటివారికి ముందుజాగ్రత్తగా నెలల తరబడి వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇస్తారు. రక్తం ఎక్కించేటప్పుడు తెల్లకణాలను వడపోస్తే ఈ వైరస్ చేరే అవకాశం తగ్గడానికీ కారణం ఇదే. అయితే ఈ తరగతి మందులు వైరస్ తన సొంత ఎంజైములతో డీఎన్ఏ నకళ్లు తీస్తున్న కణంలోనే పని చేస్తాయి. గుప్తంగా ఉన్న వలయం మీద వాటికి పట్టు దొరకదు. నిద్రలో ఉన్నదాన్ని గట్టి మందుతో చంపేయవచ్చు కదా అని ప్రతి ఏడూ ఒకరైనా జవాబు పత్రంలో రాస్తారు. ఆ తప్పు పూర్తిగా వాళ్లది కాదు.

మన వాక్యానికి న్యాయం కూడా చేయాలి. వైరస్ జీవితాంతం ఉంటుందని, తిరిగి రావచ్చని అది చెబుతోంది, రెండూ నిజమే. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మనిషికి ముసలితనంలో నడుము చుట్టూ సర్పి లేస్తే, నాడీ కణాల్లో ఏళ్ల తరబడి ఉన్న ఆ వైరస్‌కు నిద్ర అన్న పోలిక కొంత నప్పుతుంది కూడా. చిక్కల్లా, ఆ పోలికను హెర్పిస్ కుటుంబమంతటికీ వర్తింపజేయడంతో వచ్చింది. నేను సూచిస్తున్న 'గుప్త' అన్న మాటకూ ఒక లోపముంది. వెంటనే దాక్కున్న శత్రువు, గూఢచారి అంటూ మరో వరస పోలికలు మొదలవుతాయి. వైరస్‌కు ఉద్దేశాలేమీ లేవు, ఇందాక "కాపురం పెట్టింది" అని నేనే రాశాను!

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పైన మొదటి పేరాలో ఇచ్చిన వాక్యాన్ని నిద్ర, మేలుకోవడం, దాక్కోవడం, శత్రువు అన్న మాటలు లేకుండా మూడు వాక్యాల్లో తిరిగి రాయండి. వైరస్ ఏ కణంలో ఉందో, ఆ కణం ఏ మార్పు చెందినప్పుడు లయన చక్రం మొదలవుతుందో అందులో ఉండాలి. రాసినదాన్ని సైన్సు చదవని మీ ఇంటివారికి వినిపించి, వారు అడిగిన మొదటి ప్రశ్నను దాని కింద రాయండి.